పియెరా మంచుబండి వెనక సీటు

మా తమ్ముడు పియెరాకు పుట్టుకతోనే కుళ్లు. సొంత అక్కను కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను. వసంతంలో రెయిన్‌డీర్ మందలు సముద్రం వైపు కదిలే రోజుల్లో, దారి మధ్య గుడారంలో పుట్టాడు. అమ్మ నన్ను కాస్త ఒళ్లోకి లాక్కుంటే చాలు, గుక్కపట్టి ఏడ్చేవాడు. పెదనాన్న కొడుక్కి కొత్త కత్తి కొంటే మూతి ముడుచుకుని తిండి మానేశాడు. నాన్న మంచు మీద లాగించే స్లెడ్జికి కట్టే పోతు జింక నేను పిలిస్తే వచ్చి, వాడు పిలిస్తే రాలేదని దాంతో మాట్లాడటం మానేశాడు. జింకతో! అది మాత్రం ఏమీ బెంగపెట్టుకోలేదు.

అలాగని చెడ్డవాడు కాదు. తుపానులో వేరేవాళ్ల జింక దారితప్పి కనిపిస్తే, ఎవరిదో తెలిసేలా దాని చెవికి పెట్టిన కోత చూసి గుర్తుపట్టి, యజమాని గుడిసె దాకా తోలుకెళ్లి అప్పగించి వస్తాడు. మా గుంపులో ఎవరి మంచుబండి మొరాయించినా వాడి షెడ్డుకే చేరుతుంది. చేతికి నూనె అంటుకుంటేగాని వాడికి నిద్రపట్టదు. కాకపోతే బాగుచేసిన బండి తన బండి కంటే జోరుగా పరిగెత్తిందా, ఆ పూట ఇంట్లో ఎవరితోనూ పలకడు.

మాలో ఒక పద్ధతుంది. నీకు జింకలెన్ని అని ఎవరినీ అడగకూడదు. అడిగితే మర్యాద తెలియని మనిషి కింద లెక్క. పియెరా కూడా అడగడు. పక్కవాడి మంద గుట్ట దిగుతుంటే పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటాడు, అంతే. ఇలా అడక్కుండా పెరిగి పెరిగి మా మగవాళ్లకు అడగాల్సిన మాట కూడా నోటికి రాకుండా పోయింది. మా ఆయన బతికున్నన్నాళ్లూ కాఫీ కావాలంటే ఖాళీ కప్పుకేసి చూసేవాడే తప్ప, పోయమని ఒక్కసారి అనలేదు. కిందటి చలికాలమంతా మా ఇళ్లలో జరిగిన గొడవ ఈ రోగం వల్లే వచ్చింది.

ఇళ్లంటే రెండే. మా ఆయన పోయాక నేను తమ్ముడి పక్కింట్లోనే ఉంటున్నాను. వాడి భార్య రావ్నా సరిహద్దుకు అటువైపు ఫిన్లాండు పిల్ల. పిల్ల అని అలవాటుగా అంటున్నాను గాని, ఆమెకూ నడివయసు దాటింది. సన్నగా, చురుగ్గా, నోరు మూత పడకుండా ఉంటుంది. పియెరాకు ఆమె అంటే ప్రాణం. ఆ సంగతి ఆమెకు తప్ప మా గుంపులో అందరికీ చెప్పాడు.

వాడి మంచుబండి పాతది, పొడుగాటిది, బరువులు లాగే రకం. వెనక రబ్బరు పట్టా లోపల ఉండే స్ప్రింగుల్ని కొన్ననాడే ఆఖరి దాకా బిగించేశాడు. కట్టెల స్లెడ్జి, మేత స్లెడ్జి తగిలిస్తే బుద్ధిగా నడిచేది. వెనక బరువు లేకపోతే మాత్రం గతుకు గతుకుకీ తోకెత్తి తన్నేది. ఎవరైనా ఆ మాటంటే, "మెత్తటి స్ప్రింగులు టూరిస్టుల్ని తిప్పేవాళ్లకి. మనది పని చేసే బండి" అని నడుం నొక్కుకుంటూ చెప్పేవాడు. దాని మీద రావ్నా ఎక్కితే రెండు చేతులతో వాడి నడుం కరుచుకుని కూర్చోవాల్సిందే. లేకపోతే ఆమెను మంచులో వెతుక్కోవాలి.

చలికాలం మొదట్లో మందలు విడదీసే పని ఉంటుంది. కలిసిపోయిన జింకల్ని కంచెలోకి తోలి, చెవికోతలు చూసి, ఎవరివి వాళ్లు పక్కకి లాక్కోవాలి. ఆ పని ముగించుకుని అందరం ఇళ్లకు బయల్దేరాం. పియెరా తన బండి వెనక సీటు మీద గుడారం గుడ్డ, తాళ్లు, నా వంటగిన్నెలు అన్నీ పేర్చి కట్టేశాడు. స్లెడ్జిలో సామాన్ల మధ్య నేనొక్కదాన్నే ఇరుక్కున్నాను. రావ్నాకు చోటు లేదు.

"రా రావ్నా, నాది ఖాళీగానే ఉంది" అన్నాడు క్లెమెత్.

క్లెమెత్ మా గుంపువాడే, మాకు దూరపు బంధువు. భార్య పోయి చాలాకాలమైంది. నవ్వితే పళ్లన్నీ కనిపిస్తాయి, ఆ పళ్లు కూడా బాగుంటాయి. అప్పుడే కొత్త మంచుబండి కొన్నాడు. రావ్నా ఎగిరి దాని మీద కూర్చుంది. వాళ్లు ముందు, మేము వెనక. పగలే అయినా ఆ రోజుల్లో మాకు సూర్యుడు రాడు, మసక వెలుగు ఒక్కటే. ముందు బండి లేపిన మంచు పొగలో రెండు వీపులూ కలిసి ఒకటిగా కనిపిస్తున్నాయి. పియెరా సీటు మీద నిలబడినంత పని చేసి మెడ సాచి చూస్తున్నాడు. వాడు దారి చూసుకోకపోవడంతో ప్రతి గతుకూ నా వెన్నుపూసకు తెలిసింది.

ఇంటికొచ్చాక రావ్నా ఊరుకుంటే బాగుండేది. కోటు విప్పుతూనే మొదలుపెట్టింది.

"వదినా, ఏం బండి అనుకున్నావ్! తేలిపోతున్నట్టే ఉంది. చేతిలో కాఫీ ఉంటే చుక్క తొణకదంటే నమ్ము."

"ఆ కాఫీ కూడా వాడే ఇచ్చాడా?" అన్నాడు పియెరా, బూట్ల తాళ్లు విప్పుకుంటూ.

"ఇస్తే తాగేదాన్నేగా" అని నవ్వేసింది.

అక్కడితోనైనా పోయేది. ఎండు మాంసం చీలుస్తూ ఆమె సన్నగా క్లెమెత్ జోయిక్ అందుకుంది. మాలో ఒక్కొక్క మనిషికీ ఒక రాగం ఉంటుంది, దాన్నే జోయిక్ అంటాం. అది మనిషి గురించిన పాట కాదు, ఆ మనిషే. ఎవరి రాగం తీస్తే వాళ్లు వచ్చి పక్కన కూర్చున్నట్టే. ఎవరిది వాళ్లు తీయకూడదు, ఇంకొకరు తీయాలి. రావ్నా కూనిరాగంతో క్లెమెత్ మా వంటింట్లోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నట్టే అయింది మా తమ్ముడికి. చేతిలో బూటు అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

మర్నాడు రావ్నాను పక్కకు పిలిచాను. "ఏమే, వాడి ముందు ఆ రాగం తీయకు. వాడి సంగతి తెలుసుగా."

"నేనేం తీశాను వదినా? అది నోటికి దానంతటదే వస్తోంది."

"అదే వద్దంటున్నా."

మంచికే చెప్పాను. ఆమె కూడా మంచికే విన్నది. ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు తీసేది, పియెరా గుమ్మంలో మంచు దులుపుకునే చప్పుడు వినిపించగానే టక్కున ఆపేసేది. తలుపు బయట నిలబడి వాడు అది విన్నాడు. రాగం వినడం కంటే అది ఆగిపోవడం వాడికి ఎక్కువ కాలింది.

ఒకనాడు మధ్యాహ్నం మా ఇంటికొచ్చి పొయ్యి ముందు చతికిలబడ్డాడు. కాఫీ పోశాను. మా అలవాటు ప్రకారం అందులో జున్నుముక్క వేసుకుని అది మెత్తబడేదాకా దానికేసే చూస్తూ కూర్చున్నాడు.

"అక్కా, ఆ రోజు స్లెడ్జిలో ముందుకే తిరిగి కూర్చున్నావుగా?"

"కూర్చున్నా."

"ఏమైనా కనిపించిందా?"

"మంచు."

"అది కాదు. దాని చేతులు ఎక్కడున్నాయి?"

"దేని చేతులు?"

"తెలీనట్టు అడక్కు. వాడి నడుం పట్టుకుందా, లేదా?"

నాకు నవ్వొచ్చింది, వెంటనే జాలేసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మొహం పీక్కుపోయింది. "నేను చూడలేదురా. పక్కింట్లోనే ఉంది నీ పెళ్లాం. పోయి అడుగు."

"అడగను."

"ఏం?"

"అడగను, అంతే."

అడగడు. పట్టుకుందని చెబితే తట్టుకోలేడు, పట్టుకోలేదని చెబితే నమ్మలేడు. కాఫీ వదిలేసి లేచి, పానా తీసుకుని షెడ్డులోకి పోయాడు. రావ్నా మెచ్చుకున్న ఆ మెత్తదనం ఏదో తన బండికే తెస్తే ఆమె నోట్లో క్లెమెత్ రాగం ఆగిపోతుందని వాడి లెక్క.

ముందు చేసిన పని, ఏళ్లతరబడి బిగించి ఉన్న స్ప్రింగుల్ని ఒక్కసారిగా ఆఖరి దాకా వదిలేయడం. అలా వదిలేస్తే బండి వెనక్కి కుంగుతుందని ఊళ్లో ఎవరిని అడిగినా అంటారు, వాడైతే ఎదుటివాడికి తప్పకుండా చెబుతాడు. తన బండి దగ్గరికొచ్చేసరికి బుర్ర పనిచేయలేదు. బయల్దేరితే తోక కిందికి, మూతి పైకి. హెడ్‌లైటు దారి మానేసి చుక్కల్ని చూపిస్తోంది. ముందర చక్రాల బదులు ఉండే స్కీల మీద బరువు లేక హ్యాండిల్ ఎటు తిప్పినా బండి తిన్నగానే పోతోంది. అలా తిన్నగా పోయి ఏటి ఒడ్డున పొదల్లో దూరింది.

తాడు కట్టి బయటికి లాగింది ఎవరనుకున్నారు? క్లెమెతే.

"తోక దింపితే సరిపోదురా. పట్టా ముందు భాగాన్ని పట్టి ఉంచే పట్టీ ఉంటుంది చూడు, దాన్ని రెండు బెజ్జాలు బిగించు. అప్పుడు స్కీల మీద బరువు పడుతుంది" అన్నాడు క్లెమెత్.

"నాకు తెలుసు."

"తెలిస్తే పొదలోకెందుకెళ్లావ్?"

"పొద చూద్దామని."

సాయం చేసినవాడికి తిండి పెట్టకుండా పంపడం మాకు లేదు. కాబట్టి ఆ సాయంత్రం క్లెమెత్ నిజంగానే మా తమ్ముడి వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రావ్నా ఉడికిన మాంసం వడ్డిస్తూ, మూలుగు నిండిన పెద్ద ఎముక తీసి అతని పళ్లెంలో వేసింది. పియెరా పళ్లెంలో కూడా ఎముక ఉంది. వాడు తన ఎముకను చూశాడు, క్లెమెత్ ఎముకను చూశాడు, మళ్లీ తనది చూశాడు. క్లెమెత్ కత్తి వెనక భాగంతో దాన్ని పగలగొట్టి మూలుగు జుర్రుతున్నంతసేపూ మా తమ్ముడి దవడ కదులుతూనే ఉంది, నోట్లో ఏమీ లేకపోయినా.

క్లెమెత్ రెండు బెజ్జాలన్నాడు కాబట్టి వీడు మూడు బిగించాడు. హ్యాండిల్ బండరాయిలా అయి మణికట్లు వాచాయి. రెండ్రోజులు మూలిగి, ఎవరూ చూడకుండా రెండుకు మార్చాడు. నేను చూశాను.

అంతటితో ఆగలేదు. వెనకున్న షాక్ అబ్జార్బర్లు నూనె కారిపోయి ఎప్పుడో చచ్చాయి. కుదుపును మింగేది లేకపోవడంతో స్ప్రింగు నొక్కుకుని, నొక్కుకున్నంత జోరుగా తిరిగి తన్నేది. వాటిని పీకేసి స్వీడన్ నుంచి కొత్తవి తెప్పించాడు. గ్యాసు నింపినవి, పక్కన చిన్న మర ఉంటుంది, అటు తిప్పితే మెత్తన, ఇటు తిప్పితే గట్టి. వాటితోపాటు పలచటి స్ప్రింగులు. షెడ్డులో చలికి రబ్బరు బుష్షులు రాళ్లలా అయ్యాయని అన్నీ వంటింట్లోకి మోసుకొచ్చాడు.

"రొట్టె పిసికే బల్ల మీద ఈ గ్రీజేంటి?" అని రావ్నా ఒంటికాలి మీద లేచింది.

"క్లెమెత్ బండికి గ్రీజుండదా?"

"మధ్యలో క్లెమెత్ ఎందుకొచ్చాడు?"

"నన్నడుగుతావేం?" అని తల దించుకుని బుష్షు దూర్చుకున్నాడు. ఆమె నాకేసి చూసింది. నేను కిటికీకేసి చూశాను.

అన్నీ బిగించాక అసలు పని మిగిలింది. బండి వెనక భాగాన్ని పైకెత్తి కొలవాలి. ఎక్కేవాళ్లు ఎక్కాక ఎంత కుంగిందో మళ్లీ కొలవాలి. మరీ కుంగితే స్ప్రింగు బిగించాలి, కుంగకపోతే వదలాలి. ఎక్కేవాళ్ల బరువు తెలియకుండా ఆ లెక్క తేలదు. వెనక కూర్చోవాల్సింది రావ్నా. పిలిస్తే పరిగెత్తుకొచ్చేది. వీడు పిలవడు, నన్ను పిలిచాడు.

"నువ్వెక్కు అక్కా. ఇద్దరూ ఇంచుమించు ఒకటేగా."

ఎక్కాను. కొలిచాడు, బిగించాడు, మళ్లీ కొలిచాడు. తర్వాత కిటికీలో కనిపిస్తున్న రావ్నాను చూసి, నన్ను చూసి, ఆలోచనలో పడ్డాడు.

"నువ్వు కొంచెం..."

"ఏంట్రా కొంచెం?"

"ఏం లేదు, దిగు."

మర్నాడు నా బదులు జింకల మేత బస్తా ఎక్కింది. అందులోంచి కొంత తీసి, రావ్నా అంత బరువుకు సరిచూసి, సీటు మీద నిలబెట్టి, తన బెల్టుతో నడుముకు కట్టుకున్నాడు. పెళ్లాం బరువు ఎవరినీ అడక్కుండానే ఎలా తెలిసిందో వాడికి! రోజూ ఆ బస్తాతో ఏటి వెంట తిరిగి రావడం, మర అర చుట్టు తిప్పడం, మళ్లీ పోవడం. మొదట్లో నెమ్మదిగా నడిపి, షాక్ అబ్జార్బర్లలో నూనె వేడెక్కాక వేగం పెంచేవాడు. కింద గతుకులు వస్తూనే ఉన్నాయి, పైన మా తమ్ముడూ బస్తా ఒకే ఎత్తులో పోతున్నారు. చూస్తే నాకూ కుళ్లుగానే ఉంది. ఇంతమంది ఇన్ని స్ప్రింగులు మారుస్తున్నారు గాని, వెనక స్లెడ్జిలో కూర్చునేదాని నడుం సంగతి ఒక్కడికీ పట్టలేదు.

"వదినా, ఇలా రా. నీ తమ్ముడు ఎవర్నో ఎక్కించుకుని తిరుగుతున్నాడు" అంది రావ్నా కిటికీ దగ్గర్నుంచి.

"మేత బస్తానే అది."

"బస్తా అని నాకూ కనిపిస్తోంది. చలికాలమంతా నన్ను ఒక్కసారి రమ్మన్నాడా? దానికైతే పడిపోకుండా బెల్టు కూడా. ఆ బస్తాకున్న భోగం నాకు లేదు."

నవ్వుతుందనుకుని మొహం చూశాను. కళ్లలో నీళ్లు. ఒకరు మనిషిని చూసి, ఒకరు బస్తాను చూసి ఏడుస్తుంటే మధ్యలో నేనేం చెప్పను? "నువ్వైనా అడగొచ్చుగా" అన్నాను. "నేనెందుకడగాలి?" అంది. మా వాళ్లింట్లో చాలాకాలంగా ఉంది కదా, ఈ అడగని రోగం ఆమెకూ అంటింది.

ఈస్టర్ వచ్చింది. పెళ్లిళ్లకూ పందేలకూ అందరూ ఊళ్లోకి పోయే రోజులు. వెలుగు తిరిగొచ్చి మంచు మీద కళ్లు చెదిరేలా కాస్తోంది. రావ్నా ఎర్ర శాలువా కప్పుకుని, వెండి పతకాలు పెట్టుకుని బయటికొచ్చింది. పియెరా సీటు మీది మంచు చేత్తో తుడిచి, బస్తా కట్టిన బెల్టు విప్పి పక్కన పడేసి, ఒకే ఒక్క మాటన్నాడు.

"ఎక్కు."

ఆమె ఎక్కింది. నేను ఎప్పట్లాగే స్లెడ్జిలో.

ఈస్టర్ నాటికి మా దారులు చూడాలి. చలికాలమంతా బళ్లు తిరిగి తిరిగి ఒక దిబ్బ, ఒక గుంట, మళ్లీ దిబ్బ. నా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ముందున్న వాళ్లిద్దరూ మాత్రం కూర్చున్నచోట కూర్చున్నట్టే ఉన్నారు. కాసేపటికి రావ్నా సంచిలోంచి ఫ్లాస్కు తీసింది. పోతున్న బండి మీదే కప్పులోకి కాఫీ వంచుకుంది. చుక్క కూడా పడలేదు. తాగింది, మూత పెట్టింది, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ చూస్తూ కూర్చుంది.

పియెరా ఒకసారి వెనక్కి ఒరిగాడు. వీపుకు ఏమీ తగల్లేదు. నిటారుగా అయ్యాడు. కాసేపాగి మళ్లీ ఒరిగాడు. తర్వాత వాడికేం పిచ్చి పట్టిందోగాని, నున్నటి దారి వదిలేసి వెతికి వెతికి దిబ్బల మీదికి పోనిస్తున్నాడు. బండి ప్రతి దిబ్బనూ మింగేసింది. రావ్నా చేతులు ఒళ్లోంచి కదల్లేదు. గడ్డకట్టిన సరస్సు మధ్యకు వచ్చాక ఇంజను ఆపేశాడు.

"ఏమైంది?" అంది రావ్నా.

వాడు వెనక్కి తిరగలేదు. "పట్టుకోలేదేం?"

"దేన్ని?"

"నన్ను."

"కుదుపే లేదుగా, ఎందుకు పట్టుకోవడం?" అంది సంతోషంగా. పాపం, వాడి కష్టాన్ని మెచ్చుకుంటున్నాననే అనుకుంది. "క్లెమెత్ బండి కంటే నీదే బాగుంది. ఆ రోజు కూడా చేతులు కోటులో దూర్చుకునే కూర్చున్నా గాని, కాఫీ తాగేంత ధైర్యం చెయ్యలేదు."

హమ్మయ్య అని పైకే అనేశాను. చలికాలమంతా వాణ్ని కాల్చుకుతిన్న ప్రశ్నకు జవాబు దానంతటదే వచ్చి ఒళ్లో పడింది. ఆమె పట్టుకోలేదు. అబద్ధమనడానికి లేదు, ఎందుకు పట్టుకోలేదో మా తమ్ముడు తన చేతులతోనే చేసి చూసుకున్నాడు. ఇక గంతులేస్తాడనుకున్నాను. వాడు కదల్లేదు. టోపీ కింద మెడ ఎర్రబడటం నాకు స్లెడ్జిలోంచే కనిపించింది.

"అయితే ఇన్నేళ్లూ నన్ను పట్టుకున్నది కుదుపులకేనా?" అన్నాడు.

రావ్నా ఆ వీపుకేసి చూసింది.

"మొదట్లో కుదుపులకే" అంది.

"తర్వాత?"

"నువ్వెప్పుడైనా అడిగావా?"

సరస్సు మీద గాలి కూడా లేదు. వాడు హ్యాండిల్ వదిలి, చేతి తొడుగులు తీసి, మళ్లీ వేసుకున్నాడు. యాభై ఏళ్లుగా చూస్తున్నాను, ఆ మనిషి ఇంకొక మనిషిని తనకిది కావాలని అడగ్గా వినలేదు.

"పట్టుకుంటావా?" అన్నాడు.

రావ్నా ముందుకు జరిగి, రెండు చేతులూ వాడి నడుం చుట్టూ వేసి, చెంప వీపుకు ఆనించింది. పియెరా ఇంజను వేశాడు. ముందంతా అద్దంలా నున్నటి మంచుగడ్డ, ఎక్కడా చిన్న గతుకు లేదు. ఆమె అవతలి ఒడ్డు దాకా చేతులు తీయలేదు. నేను వెనక స్లెడ్జిలో సామాన్లు కట్టిన తాడు పట్టుకుని కూర్చున్నాను. చెప్పొద్దూ, నాకు కడుపు మండిపోయింది.